రోమన్ చరిత్ర మలుపుల వెంట ఒక నడక: సగం రోజు యాత్రపై సమీక్ష

రోమ్ నగరంలో ఫోరమ్ (ప్రాచీన రోమ్ నడిబొడ్డు కూడలి), పాలటైన్ గుట్ట, కొలోసియం కలిపి చూపించే గైడెడ్ టూర్లకు కొదవ లేదు. వాటిలో చాలా వరకు గ్లాడియేటర్ల కథతో మొదలై, నీరో దురాగతాల మీదుగా సాగి, సీజర్ హత్య దగ్గర కాసేపు ఆగి, చివరకు ఏదో ఒక ఐస్‌క్రీమ్ దుకాణం ముందు ముగుస్తాయి. ఈ సమీక్ష ఆ కోవకు చెందని ఒక నడక గురించి. రోమన్ చరిత్ర ఎక్కడెక్కడ మలుపు తిరిగింది, ఎందుకు తిరిగింది అన్న ఒక్క ప్రశ్ననే పట్టుకుని, శిథిలాల మధ్య సగం రోజు నడిపిస్తామని చెప్పే చిన్న సంస్థ ఒకటి దీన్ని నిర్వహిస్తోంది. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసిన వాటితో పాటు ఫిర్యాదులూ ఉండడం ఒక కారణం. ఇటువంటి నడకలు నడిపేవారు అక్కడ ఇంకా ఉన్నారు కనుక, ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ముందుగా ఏం అడగాలో పాఠకులకు తెలియడమే ముఖ్యమన్నది రెండో కారణం.

రుసుము మామూలు బృంద యాత్రలకు దాదాపు రెట్టింపు ఉంటుంది. ప్రవేశ టికెట్టు అందులో కలవదు. ఫోరమ్, పాలటైన్, కొలోసియం మూడింటికీ చెల్లే 24 గంటల టికెట్టు నేను వెళ్ళినప్పుడు 18 యూరోలు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే కానీ, వారికీ టికెట్టు తీసుకోవాలి. టికెట్టు మీద పేరు ముద్రిస్తారు కనుక పాస్‌పోర్టు వెంట ఉండాలి. బృందం చిన్నదిగా ఉండడం వల్ల ప్రశ్నలు అడిగే వీలు బాగా దొరికింది. గైడ్ పురావస్తు శాస్త్రం చదువుకున్న ఇటాలియన్ మహిళ. ఆమె ఇంగ్లీషు నిదానంగా, స్పష్టంగా ఉంది. చెవికి తగిలించుకునే రిసీవర్లు మాత్రం గైడ్ నాలుగడుగులు దూరం జరిగితే చాలు, గరగరమనేవి.

నడక కాపిటోలైన్ గుట్ట మీద, సెనేటర్ల భవనం పక్కనుంచి ఫోరమ్ మొత్తం కనిపించే చోట మొదలవుతుంది. అందరూ ఊహించేట్టు రోములస్ తోనో సీజర్ తోనో కాక, గైడ్ క్రీ.పూ. 133తో మొదలుపెట్టారు. అప్పటికి 13 ఏళ్ళ క్రితమే, అంటే క్రీ.పూ. 146లో, ఒకే ఏడాది కార్తేజ్, కొరింత్ నగరాలు రెండూ నేలమట్టమయ్యాయి. మధ్యధరా సముద్రం మీద రోమ్‌కు ఎదురు చెప్పగల శక్తి మిగల్లేదు. ఆ విజయాలు తెచ్చిపెట్టిన చిన్న రైతు మాత్రం ఏళ్ళ తరబడి స్పెయిన్‌లో యుద్ధం చేసి ఇంటికి వచ్చేసరికి అతని పొలం చేయి దాటిపోయి ఉండేది. ప్రభుత్వ భూములను సంపన్నులు ఆక్రమించి, యుద్ధాల్లో పట్టుబడిన బానిసలతో సేద్యం చేయించేవారు. సైన్యంలో చేరడానికి ఆస్తి ఉండాలన్న నియమం అప్పట్లో ఉంది కనుక, రైతు పొలం పోతే రాజ్యానికి సైనికుడు పోయినట్టే. ట్రిబ్యూన్‌గా, అంటే సామాన్య ప్రజల ప్రతినిధిగా, ఎన్నికైన టైబీరియస్ గ్రాకస్ ప్రభుత్వ భూమి మీద 500 యుగేరాల పరిమితిని, అంటే సుమారు 310 ఎకరాలను, తిరిగి అమలు చేసి మిగులును పేదలకు పంచాలన్నాడు. భూ పరిమితి చట్టాల గురించి వింటూ పెరిగిన తెలుగువారికి ఈ వాదన, దానికి ఎదురైన ప్రతిఘటన రెండూ విడమరిచి చెప్పవలసినవి కావు.

తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డుపడితే, టైబీరియస్ అతన్ని ఓటు వేయించి పదవి నుంచి తప్పించాడు. ఆ తర్వాత ఆచారానికి విరుద్ధంగా మరుసటి ఏడాదికి కూడా పోటీకి నిలిచాడు. ఇక్కడే, ఈ గుట్ట మీదే, ప్రధాన పూజారి స్కిపియో నాసికా నాయకత్వంలో సెనేటర్లు, వారి అనుచరులు విరిగిన బల్లల కాళ్ళతో, దుడ్డుకర్రలతో అతన్నీ, అతని పక్షాన ఉన్న సుమారు 300 మందినీ కొట్టి చంపి, శవాలను రాత్రికి రాత్రి టైబర్ నదిలో పడేశారు. గైడ్ రెండు సంగతులను ప్రత్యేకంగా ఎత్తిచూపారు. మొదటిది, ఆ రోజు ఒక్కరు కూడా కత్తి దెబ్బకు చావలేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. చంపింది సైన్యం కాదు, సభ. రెండవది, హత్య తర్వాత కూడా భూముల పంపిణీ సంఘాన్ని సెనేట్ రద్దు చేయలేదు; ఆ సంఘ సభ్యుల పేర్లు చెక్కిన సరిహద్దు రాళ్ళు ఇటలీలో దొరికాయి. అంటే చట్టం బతికింది, చట్టం తెచ్చినవాడు చచ్చాడు. ఓటుతో తేల్చుకునే తగాదాను కర్రతో తేల్చుకోవచ్చని పాలకవర్గమే చూపించాక, 12 ఏళ్ళకు తమ్ముడు గాయస్ గ్రాకస్ విషయంలో అది మరింత పెద్ద ఎత్తున జరిగింది.

అక్కడి నుంచి కథ సైన్యం వైపు తిరిగింది. క్రీ.పూ. 107లో సేనాని మారియస్ ఆస్తి లేనివారిని కూడా సైన్యంలో చేర్చుకున్నాడు. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క దెబ్బతో జరిగిన పెద్ద సంస్కరణగా చెబుతాయి. నేటి చరిత్రకారుల్లో చాలామంది అంత దూరం పోరని గైడ్ జాగ్రత్తగా చెప్పారు. ఏదేమైనా, భూమి లేని సైనికుడికి పదవీ విరమణ తర్వాత బతుకు తెరువు చూపించేది సెనేట్ కాదు, అతని సేనాని. ఆ బంధం ఎంత దూరం పోతుందో క్రీ.పూ. 88లో తేలింది. తూర్పున పాంటస్ రాజు మిత్రిడేటీస్ మీద యుద్ధానికి సేనానిగా నియమితుడైన సుల్లా నుంచి ఆ పదవిని లాగి మారియస్‌కు కట్టబెడుతూ చట్టం చేశారు. సుల్లా అప్పుడు నోలా పట్టణం దగ్గర ఆరు లీజియన్లతో (రోమన్ సైనిక దళాలతో) ఉన్నాడు. రోమ్ మీదికి నడవమన్నప్పుడు ఒక్క క్వేస్టర్ (ఖజానా అధికారి) తప్ప అతని అధికారులందరూ వదిలి వెళ్ళిపోయారు. సైనికులు మాత్రం కదిలారు. తూర్పు దేశాల దోపిడి సొమ్ము వేరే సేనాని సైనికులకు దక్కుతుందేమోనన్న భయమే వారిని నడిపింది. సీజర్ సైన్యంతో రుబికాన్ నది దాటి రోమ్ మీదికి రావడానికి ఇంకా 39 ఏళ్ళు ఉన్నాయి. అందరూ మలుపు అని చెప్పుకునే ఆ నది దగ్గర సీజర్ కొత్తగా వేసిన దారేమీ లేదు, సుల్లా వేసిన దారినే నడిచాడు. సగం రోజు నడకలో ఈ మొదటి గంట ఒక్కదానికే రుసుము చెల్లిందని నా అభిప్రాయం.

తర్వాత గుట్ట దిగి, చుట్టు తిరిగి, ఇంపీరియల్ ఫోరమ్‌ల రోడ్డు వైపు ద్వారం నుంచి లోపలికి వెళ్ళాము. లోపలికి అడుగుపెట్టగానే ఎమిలియా బసిలికా (వ్యాపారాలు, న్యాయ విచారణలు జరిగిన పెద్ద మందిరం) నేల వస్తుంది. అక్కడ పాలరాతి పలకల మీద గుండ్రంగా, పావలా బిళ్ళంతేసి ఆకుపచ్చ మరకలు ఉన్నాయి. వంగి చూస్తే కొన్ని చోట్ల కరిగి రాతికి అతుక్కుపోయిన రాగి తునకలు కూడా కనిపిస్తాయి. అవి నాణేలు. "వీటి సంగతి చివర్లో చెబుతాను" అని గైడ్ ముందుకు నడిపించారు. ఆ మాటను గుర్తుంచుకోండి, ఫిర్యాదు దానితోనే మొదలవుతుంది.

సీజర్ ఘట్టాన్ని క్లుప్తంగా ముగించడం ఈ నడకకు వన్నె తెచ్చింది. రేకు కప్పు కింద ఉన్న మట్టిరంగు రాతి దిమ్మె, సీజర్ దేహాన్ని దహనం చేసిన చోట క్రీ.పూ. 29లో ప్రతిష్ఠించిన ఆలయపు అవశేషం. సందర్శకులు అక్కడ నేటికీ పూలు ఉంచుతారు. హత్య ఇక్కడ జరగలేదనీ, సెనేట్ ఆ రోజు సమావేశమైన పాంపే సభామందిరం లార్గో అర్జెంటీనా కూడలిలో ఉందనీ ఆమె స్పష్టంగా చెప్పారు. చాలా టూర్లలో ఈ మాట చెప్పరు. ఎదురుగా నిలబడి ఉన్న ఇటుకల సభాభవనం కూడా సీజర్ నాటిది కాదు. 283 నాటి అగ్నిప్రమాదం తర్వాత డయోక్లీషియన్ కట్టించినది. ఏడో శతాబ్దంలో చర్చిగా మార్చారు కనుక నిలబడింది. రోస్ట్రా అనే ఉపన్యాస వేదిక మీద వక్త సిసెరో తలనూ చేతులనూ క్రీ.పూ. 43లో వేలాడదీసిన సంగతి చెప్పి ముందుకు సాగారు.

తొలి చక్రవర్తి అగస్టస్ దగ్గరకు వచ్చేసరికి స్థలం సహకరించలేదు. క్రీ.పూ. 27 జనవరిలో అతను అధికారాలన్నీ సెనేట్‌కు తిరిగి అప్పగిస్తున్నట్టు ప్రకటించి, సైన్యాలున్న రాష్ట్రాలను మళ్ళీ సెనేట్ చేతుల మీదుగానే తీసుకున్నాడు. పదవీ అధికారంలో సహచరుల కంటే తనకు ఎక్కువేమీ లేదనీ, ప్రతిష్ఠలో మాత్రం అందరినీ మించాననీ తన కార్యాల పట్టికలో తానే రాసుకున్నాడు. దీన్ని చెప్పడానికి ఫోరమ్‌లో సరైన రాయి లేదు. అయితే గైడ్ ఎంచుకున్న ఉదాహరణ నన్ను మెప్పించింది. క్రీ.శ. 6లో అగస్టస్ సైనిక ఖజానా అని ఒక ప్రత్యేక నిధిని ఏర్పాటు చేశాడు. తన సొంతం నుంచి 17 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) వేశాడు. ఆ తర్వాతి రాబడికి పౌరుల వారసత్వం మీద నూటికి ఐదు, వేలం అమ్మకాల మీద నూటికి ఒకటి చొప్పున పన్ను విధించాడు. రిటైరయ్యే లీజియన్ సైనికుడికి 12,000 సెస్టర్స్‌లు ఆ నిధి నుంచి అందేవి. సుల్లా, సీజర్‌ల వంటి సేనానుల చేతికి సైన్యాలను అప్పగించిన సమస్యకు ఇదీ పరిష్కారం: సైనికుడు ముసలితనంలో ఎవరి ముఖం చూడాలో ఆ ముఖం ఇకపై చక్రవర్తిదే. పేరుకు గణతంత్రం మిగిలింది, జీతభత్యాల చిట్టా ఒకే ఇంటికి చేరింది.

చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ తోరణం దగ్గర గడిపిన సమయం ఈ నడకలో నాకు అన్నింటికంటే నచ్చింది. గైడ్ తన సంచిలోంచి చిన్న బైనాక్యులర్ తీసి అందరికీ వంతులవారీగా ఇచ్చారు. 203లో పార్థియా విజయానికి గుర్తుగా నిలిపిన ఆ తోరణం పైన పెద్ద శాసనం ఉంది. కంచు అక్షరాలు ఏనాడో పోయాయి; వాటిని బిగించిన గుంటలు, రంధ్రాలు మాత్రం మిగిలాయి. నాలుగో వరుసను పట్టి చూస్తే, ఇప్పుడున్న అక్షరాల గుంటలకు ఏ మాత్రం పొంతన కుదరని వేరే రంధ్రాలు, చుట్టూ కాస్త లోతుగా చెక్కేసిన రాయి కనిపిస్తాయి. అక్కడ మొదట ఉన్నది చిన్న కొడుకు గేటా పేరు. 211 చివర్లో అన్న కారకల్లా, తల్లి చేతుల్లో ఉన్న గేటాను చంపించి, సామ్రాజ్యమంతటా అతని పేరు తుడిచేయించాడు. ఆ ఖాళీని తండ్రికీ తనకూ బిరుదులతో నింపాడు.

హత్యతో ఆగక, గైడ్ ఆ వెంటనే 212 నాటి శాసనానికి వచ్చారు. సామ్రాజ్యంలో బానిసలు కాని స్వతంత్రులందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చిన శాసనం అది. సిరియా రైతుకూ గాల్ వర్తకుడికీ ఒకే చట్టం వర్తించిన రోజు. ఉదారత సంగతి ఎలా ఉన్నా, వారసత్వ పన్ను పౌరులే కట్టాలి కదా. కారకల్లా ఆ పన్నును నూటికి ఐదు నుంచి పదికి పెంచాడని, కొత్త పౌరుల నుంచి రాబడి కోసమే ఈ పని చేశాడని ఆ కాలపు సెనేటర్ కాసియస్ డియో రాశాడు. కొడుకులిద్దరూ కలిసి ఉండాలనీ, సైనికులను సంపన్నులను చేసి మిగిలినవారిని లెక్క చేయవద్దనీ చనిపోతూ సెవెరస్ చెప్పాడని రాసింది కూడా డియోనే. మొదటి సలహాను కారకల్లా పాటించలేదు. రెండవదాన్ని పాటించి సైనికుల జీతం భారీగా పెంచాడు.

ఆ జీతానికి డబ్బు ఎక్కడిది? నీడలో కూర్చోబెట్టి గైడ్ ఒక గుడ్డ సంచి విప్పి నకలు నాణేలు చేతికిచ్చారు. అగస్టస్ నాటి డినేరియస్ అనే నాణెం దాదాపు శుద్ధమైన వెండి. 64లో నీరో ఒక పౌను వెండికి 84 బదులు 96 నాణేలు కొట్టించాడు, పైగా వెండిలో రాగి కలిపాడు. సెవెరస్ కాలానికి వెండి సగానికి వచ్చింది. కారకల్లా 215లో రెండు డినేరియస్‌ల విలువ అంటూ తెచ్చిన నాణెంలో ఒకటిన్నర వెండే ఉంది. 260ల నాటి గాలియనస్ నాణెం పేరుకే వెండిది. అందులో వెండి నూటికి ఐదు పాళ్ళు కూడా లేదు. నా చేతికి వచ్చిన నకలులో చక్రవర్తి ముక్కు, కిరీటపు ముళ్ళు అరిగి ఎర్రటి రాగి బయటపడింది. అసలు నాణేలూ అలాగే అరిగాయట. ఇక్కడ తెలుగు నేలకు నిజమైన సంబంధం ఒకటి ఉంది, దాన్ని గైడ్ చెప్పలేదు కనుక నేను చెబుతాను. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల రాశిలో అగస్టస్, టైబీరియస్ ముద్రలే ప్రధానం. భారతదేశంలో దొరికిన రాశుల్లో నీరో తర్వాతి వెండి అరుదు. వినుకొండ వంటి చోట్ల దొరికిన తర్వాతి కాలపు నాణేలు బంగారువి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు కానీ, ఇటువైపు వ్యాపారులు కూడా నాణెం చూసే పుచ్చుకున్నారని ఈ రాశులను బట్టి అనుకోవచ్చు.

235 నుంచి 284 దాకా నడిచిన అరాచకం, చక్రవర్తులను సైన్యాలే నిలబెట్టి సైన్యాలే చంపడం, 271లో ఆరేలియన్ రాజధాని చుట్టూ సుమారు 19 కిలోమీటర్ల గోడ మొదలుపెట్టవలసి రావడం, డయోక్లీషియన్ అధికారాన్ని నలుగురికి పంచడం, ఇవన్నీ ఆమె చకచకా చెప్పారు. అంత వేగం అవసరం లేదనిపించింది. రోమ్ నగరం రోమన్ సామ్రాజ్యానికి కేంద్రం కాకుండా పోయింది ఈ కాలంలోనే. ఆ మాట ఒక్క వాక్యంలో పోయింది.

ఆ తర్వాత, మాక్సెంటియస్ బసిలికా దగ్గర, ముందు చెప్పకుండానే మమ్మల్ని మరో గైడ్‌కు అప్పగించారు. ఆయన మర్యాదస్తుడే, గొంతూ బాగుంది. అయితే అప్పటిదాకా సాగిన కార్యకారణ సంబంధం అక్కడితో తెగిపోయింది. కాన్‌స్టాంటైన్ ఆకాశంలో శిలువ చూసిన కథను జరిగినదిగానే చెప్పి, ఆ వెంటనే క్రైస్తవం రాజమతమైందన్నారు. 312లో మిల్వియన్ వంతెన యుద్ధం, 313లో అన్ని మతాలకూ స్వేచ్ఛ. రాజమతం కావడం థియోడోసియస్ కాలంలో, 380లో. మధ్యలో ఉన్న దాదాపు 70 ఏళ్ళను ఎగరగొట్టడం ఈ రుసుముకు తగని పని. కాన్‌స్టాంటైన్ తోరణంలోనే అసలు సంగతి ఉంది: 315లో ప్రతిష్ఠించిన దాని శాసనం "దైవ ప్రేరణతో" అంటుందే తప్ప ఏ దేవుడో చెప్పదు. ట్రాజన్, హేడ్రియన్, మార్కస్ ఆరీలియస్ కాలాల శిల్పాలను తెచ్చి అతికించి, చక్రవర్తి తలలను తిరిగి చెక్కారు. పక్కనే ఆ కాలంలోనే చెక్కిన పట్టీలోని బొమ్మలతో పోల్చి చూడమని కూడా ఆయన చెప్పలేదు.

ఎమిలియా బసిలికాలోని ఆకుపచ్చ మరకల మాట చివరిదాకా రానే లేదు. 410లో అలారిక్ నాయకత్వంలో గోత్‌లు నగరాన్ని మూడు రోజులు దోచినప్పటి మంటల్లో వడ్డీవ్యాపారుల నాణేలు కరిగి నేలకు అంటుకున్నాయని సాధారణంగా చెబుతారు. మొదటి గైడ్ పట్టుకొచ్చిన సైన్యం, సొమ్ము అనే రెండు దారాలూ కలిసేది సరిగ్గా అక్కడే. కొత్త గైడ్ మాత్రం నేరుగా 476కు వెళ్ళి, సేనాని ఓడోవేకర్ పశ్చిమ రోమ్ బాలచక్రవర్తి రోములస్ ఆగస్టులస్‌ను దించడంతో రోమ్ పతనమైందని ముగించారు. 378లో ఏడ్రియనోపుల్ దగ్గర గోత్‌ల చేతిలో చక్రవర్తి వాలెన్స్‌తో సహా తూర్పు సైన్యంలో చాలా భాగం నాశనం కావడం గురించి ఆయన మాటల్లో ఏమీ లేదు. అంతకంటే పెద్ద లోటు 439: ఆ ఏడాది వాండల్‌లు కార్తేజ్‌ను పట్టుకోవడంతో పశ్చిమ సామ్రాజ్యానికి ఆఫ్రికా ధాన్యం, పన్ను రెండూ పోయాయి, వాటితో పాటే సైన్యాన్ని పోషించే స్తోమత పోయింది. 468లో తిరిగి గెలుచుకోవడానికి పంపిన భారీ నౌకాదళం కూడా ఓడింది. 476లో ఓడోవేకర్ సైనికులు అడిగినది ఇటలీ భూముల్లో మూడో వంతు. సామ్రాజ్య చిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌లోని తూర్పు చక్రవర్తి జీనోకు పంపించేశారు. అక్కడి సామ్రాజ్యం 1453 దాకా నడిచింది. భూమి అడిగిన సైనికులతో మొదలైన కథను భూమి అడిగిన సైనికులతోనే ముగించే అవకాశాన్ని సంస్థ చేజేతులా వదులుకుంది.

మరో లోటు, కార్తేజ్ యుద్ధాలు. సిసిలీ తొలి రాష్ట్రంగా మారిన క్రీ.పూ. 241, కేనీ దగ్గర హానిబల్ చేతిలో ఘోరంగా ఓడినా రోమ్ లొంగని క్రీ.పూ. 216 లేకుండా మలుపుల చరిత్ర ఏమిటని అడిగితే, ఫోరమ్‌లో చూపించడానికి ఏమీ లేదని జవాబు వచ్చింది. ఒప్పుకోదగిన కారణమే కానీ, ప్రకటనలో ఆ మాట ముందే రాయాలి.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తాను; మొదటి గైడ్ చివరిదాకా ఉండి ఉంటే నాలుగున్నరకు తగ్గేది కాదు. రోమన్ చరిత్రతో బొత్తిగా పరిచయం లేనివారు గణతంత్రం, సామ్రాజ్యం మధ్య తేడా అయినా చదువుకుని వెళితే మంచిది. యూరప్‌లో చదువుకుంటూ సెలవుల్లో తల్లిదండ్రులను తిప్పే మన పిల్లలు ఒక సంగతి గమనించాలి: దారి పొడవునా ఎగుడుదిగుడు నల్లరాళ్ళు, ఎక్కడా సరైన కూర్చునే చోటు లేదు, వేసవిలో నీడ అరుదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి కాపిటోలైన్ మీది మొదటి భాగం వరకే సరిపెట్టి, మిగతాది పైనుంచి చూపించడం మేలు. వీధి కుళాయిల్లో మంచినీళ్ళు ఉచితం, సీసా ఉంటే చాలు. బుక్ చేసే ముందు సంస్థను రెండు ప్రశ్నలు అడగండి: మొదటి నుంచి చివరిదాకా ఒకే గైడ్ ఉంటారా, అగస్టస్ శాంతి వేదిక మ్యూజియం ఇందులో ఉందా అని. రెండో దానికి లేదన్న జవాబు వస్తే దిగులు పడనక్కరలేదు. అగస్టస్ కార్యాల పట్టిక లాటిన్ పాఠం మొత్తం ఆ మ్యూజియం బయటి గోడ మీద చెక్కి ఉంది. టికెట్టు లేకుండానే, వీధిలో నిలబడి చూడవచ్చు.